పాత కారు – లీటరు పెట్రోలు లెక్క

ఒక లీటరు పెట్రోలులో ఎంత శక్తి దాగి ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్లు! ఈ సంఖ్య చూస్తే ఎంతో కొంత పెద్దదని తప్ప మరేమీ తోచదు. అందుకని ఇలా చెప్పుకుందాం. నలుగురు మనుషులు కూర్చున్న మారుతి 800 కారు బరువు దాదాపు 900 కిలోలు. లీటరు పెట్రోలులోని శక్తినంతా రవ్వంత కూడా వృథా కాకుండా వాడగలిగితే, ఆ కారును నిట్టనిలువునా 3,600 మీటర్ల పైకి ఎత్తవచ్చు. అంటే ఎవరెస్టు శిఖరం ఎత్తులో అయిదింట రెండు వంతులు! ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతోనూ, ఎత్తుతోనూ గుణించి మీరే సరిచూసుకోండి.

అంత శక్తి గల లీటరు పెట్రోలు పోస్తే అదే కారు మన రోడ్డు మీద పదిహేను, పదహారు కిలోమీటర్లు పోయి ఆగిపోతుంది. మరి మిగిలిన శక్తంతా ఎక్కడికి పోయింది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే పాత కారు చేత ఇంకో రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువ నడిపించే ఉపాయం కూడా తెలిసినట్లే.

మారుతి 800 మొదటిసారి 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. అయినా మా అనంతపురం ప్రాంతంలో అది ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. పట్నంలో ఒకరు వాడి అమ్మేసిన కారు ఉరవకొండ వైపో, కళ్యాణదుర్గం వైపో ఒక పల్లె చేరుతుంది. అక్కడ బాడుగ బండి అదే, పెళ్లి బండి అదే, అర్ధరాత్రి పురిటి నొప్పులొస్తే ఆసుపత్రికి పరుగెత్తే బండీ అదే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మెట్ట ఇది. వాన మొహం చాటేసి శెనక్కాయ పంట చేతికి రాని ఏడు, ఆ బాడుగ డబ్బే ఇంటికి ఆధారం. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే 67 లీటర్లు కావాలి. 18 ఇస్తే 56 లీటర్లు చాలు. తేడా 11 లీటర్లు. లీటరు ధర నూరు రూపాయలు దాటిన ఈ రోజుల్లో అది ఎంత డబ్బో వేరే చెప్పాలా? కారు మార్చే స్తోమత లేనివారికి ఉన్న కారును సరిగా వాడుకోవడమే దారి.

ఇప్పుడు శక్తి లెక్కలోకి వద్దాం. కారు ఇంజను ఒక ఉష్ణ యంత్రం. పెట్రోలు మండినప్పుడు పుట్టిన వేడిలో కొంత భాగాన్ని మాత్రమే అది కదలికగా మార్చగలదు. ఎంత గొప్ప యంత్రమైనా వేడి మొత్తాన్నీ పనిగా మార్చలేదని 1824లోనే ఫ్రాన్సు దేశపు యువ ఇంజనీరు సాది కార్నో చూపించాడు. అప్పటికి కార్లూ లేవు, పెట్రోలు ఇంజనూ లేదు! మన కార్లలో వాడే నాలుగు ఘాతాల ఇంజనును జర్మనీలో నికొలాస్ ఒట్టో తయారుచేసింది 1876లో. చిన్న పాత కారులో నాలుగింట మూడు వంతుల శక్తి సైలెన్సరు గొట్టం గుండా, రేడియేటరు గుండా వేడిగా బయటకు పోతుంది. నూరు రూపాయల పెట్రోలు కొంటే డెబ్బై అయిదు రూపాయలు గాలిని వేడి చేయడానికే! మా ఊరి గాలికి ఆ అవసరం ఎంతమాత్రం లేదు.

ఈ మూడు వంతుల జోలికి మనం పోలేము. మిగిలిన వంతు 80 లక్షల జౌళ్లు. మన పొదుపంతా ఇందులోనే జరగాలి.

మొదట చక్రాల సంగతి. ఎండిపోయిన చిత్రావతి ఇసుకలో సైకిలు తొక్కారా? తారు రోడ్డు మీద తొక్కినట్లు ఉండదు. చక్రం ముందున్న ఇసుక అణుగుతుంది, మళ్లీ మనం దాన్ని ఎక్కాలి. గాలి తగ్గిన టైరు విషయంలో రోడ్డు గట్టిగానే ఉంటుంది గాని టైరే అణుగుతుంది. తిరిగిన ప్రతిసారీ రబ్బరు నలుగుతుంది, వేడెక్కుతుంది. ఆ వేడి పెట్రోలు నుంచి వచ్చిందే. దీన్ని మీ సైకిలుతోనే పరీక్షించవచ్చు. బండ్లు తిరగని సమతలపు దారిలో ఒక గీత గీయండి. గీత దాకా ఒకే వేగంతో వచ్చి అక్కడ తొక్కడం ఆపేయండి. సైకిలు ఎంత దూరం దొర్లుతుందో అడుగులతో కొలవండి. తరువాత రెండు టైర్లలో కొంత గాలి తీసి మళ్లీ చేయండి. ఒక్కొక్కటి అయిదు సార్లు చేసి సగటు తీసుకుంటే తేడా కళ్లకు కడుతుంది.

కారు టైరులో ఎంత గాలి ఉండాలో ఆ కారుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ కొలత చల్లని టైరుకు. ఇక్కడే మా ప్రాంతంలో ఒక తప్పు జరుగుతుంది. ఏప్రిల్ నెల, ఎండ 40 డిగ్రీలు, కారు యాభై కిలోమీటర్లు పరుగెత్తి వచ్చింది. పంక్చరు షాపులో మీటరు పెడితే గాలి ఎక్కువ చూపిస్తుంది. "అమ్మో, పగులుతుంది" అని కొంత తీయించేస్తారు. ఘనపరిమాణం మారకుండా వాయువును వేడి చేస్తే పీడనం పెరుగుతుందని మీరు చదువుకున్నారు కదా! అదే జరిగింది. మరునాడు తెల్లవారేసరికి టైరు చల్లబడి, ఉండవలసిన దానికంటే తక్కువ గాలితో నిలబడి ఉంటుంది. కాబట్టి బండి కదలక ముందు, పొద్దున్నే గాలి చూడాలి. అలాగని పుస్తకంలో చెప్పిన దానికంటే ఎక్కువ కొట్టించడం కూడా మంచిది కాదు. టైరుకు రోడ్డు మీద పట్టు తగ్గుతుంది.

పాత కార్లలో బ్రేకులు ఒక్కొక్కసారి పట్టేసుకుని ఉంటాయి. కాలు తీసినా పూర్తిగా వదలవు. పరీక్ష చాలా సులభం. చదునైన చోట కారును న్యూట్రల్‌లో పెట్టి, పెద్దవాళ్లు ఒకరు స్టీరింగు దగ్గర కూర్చుంటే మీరు ఇద్దరు నెట్టి చూడండి. చిన్న కారు సులువుగా కదలాలి. మొరాయించిందంటే మెకానిక్కు చూపవలసిందే. ఎన్ని పొదుపు సూత్రాలు పాటించినా ఈ ఒక్క లోపం ఉంటే అవన్నీ చిల్లికుండలో నీళ్లు.

ఇక గాలి. రామగిరి కొండల మీద తిరిగే గాలిమరలను చూసే ఉంటారు. మా మెట్టకు వాన తక్కువ గాని గాలికి కొదువ లేదు. ముఖ్యంగా జూన్ నుంచి సెప్టెంబరు వరకు పడమటి నుంచి, నైరుతి నుంచి గాలి బలంగా వీస్తుంది. కారు ముందుకు పోవాలంటే ఆ గాలిని చీల్చుకుని పోవాలి. గాలి నిరోధం వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగాన్ని 80కి పెంచామనుకోండి. వేగం పెరిగింది 1.6 రెట్లే. నిరోధం మాత్రం 1.6 ను 1.6 తో గుణిస్తే ఎంతో అంత, అంటే 2.56 రెట్లు! మరో తమాషా చూడండి. 50 వేగంతో పోతున్నప్పుడు ఎదురుగాలి 30 వేగంతో వీస్తే, గాలి దృష్టిలో మీ కారు 80లో పోతున్నట్లే.

1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఎగుమతులు బిగించినప్పుడు అమెరికా వంటి సంపన్న దేశం కూడా 1974లో రహదారుల మీద గంటకు 55 మైళ్ల వేగ పరిమితి విధించింది. మన దేశంలో 1978లో ఏర్పడిన పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ ఇచ్చే సలహా గంటకు 45–55 కిలోమీటర్లు. ఇంకా మెల్లగా, కింది గేర్లలో పోతే ఇంకా లాభం కదా అని అడుగుతారేమో! లాభం లేదు. అప్పుడు ఇంజను తన లోపలి ఘర్షణకే ఎక్కువ శక్తి ఖర్చు పెడుతుంది.

కారు పైన క్యారియరు బిగించి దాని మీద మూటలు కట్టడం మనకు అలవాటు. బరువు ఒక నష్టం, గాలికి అడ్డం రెండో నష్టం. మూటలు దించిన తరువాత ఖాళీ క్యారియరును కూడా విప్పేయడం మేలు.

బెంగుళూరుకు పోయేటప్పుడు ఒక మైలేజీ, వచ్చేటప్పుడు ఒక మైలేజీ వస్తుందని మా ఊరి కార్ల వాళ్లు తరచు అంటుంటారు. కొందరు వెంటనే పెట్రోలు బంకును అనుమానిస్తారు. లెక్క వేయకుండా ఎవరినీ అనుమానించకూడదు. అనంతపురం సముద్ర మట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తున ఉంది, బెంగుళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్లాపురం మీదుగా సాగే ఈ 210 కిలోమీటర్ల దారిలో కారు మొత్తం మీద 550 మీటర్లు పైకి ఎక్కుతోందన్నమాట. 900 కిలోలను అంత ఎత్తుకు చేర్చడానికి దాదాపు 48 లక్షల జౌళ్లు కావాలి. లీటరు పెట్రోలు నుంచి మనకు దక్కేది 80 లక్షలే కాబట్టి ఇది 0.6 లీటరు. చదును దారిలో ఈ ప్రయాణానికి 12 లీటర్లు పట్టే కారుకు వెళ్లేటప్పుడు 12.6 లీటర్లు పడుతుంది. వచ్చేటప్పుడు బ్రేకు తొక్కి పారేసుకోకుండా ఉంటే 11.4 చాలు. అంటే అక్కడికి పోతూ లీటరుకు 16.7, తిరిగి వస్తూ 18.4 కిలోమీటర్లు! పైగా జూలైలో అయితే పోయేటప్పుడు నైరుతి గాలి కొంత ఎదురు. బంకులో ఏ మోసమూ లేకుండానే ఇంత తేడా వచ్చింది.

దిగుడులో చాలామంది కారును న్యూట్రల్‌లో వేస్తారు, కొందరు ఇంజను కూడా ఆపేస్తారు. ఇంజను ఆపితే బ్రేకుకు సాయపడే శూన్యం తగ్గిపోయి పెడలు రాయిలా బిగుసుకుంటుంది. ప్రాణం మీదికి వచ్చే పొదుపు అది. న్యూట్రల్‌లో అయినా ఇంజను చేత కారును అదుపు చేసే వీలు పోతుంది. తమాషా ఏమిటంటే కార్బురేటరుకు బదులు ఇంధనాన్ని చిమ్మే పద్ధతి ఉన్న కార్లలో, గేరులో ఉండగానే యాక్సిలరేటరు మీద కాలు తీస్తే కంప్యూటరు పెట్రోలును దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో వేస్తే ఇంజను తిరగడానికి పెట్రోలు పోయవలసి వస్తుంది. పొదుపు అనుకున్నదే ఖర్చయిందన్నమాట.

బ్రేకు తొక్కిన ప్రతిసారీ గతిజశక్తి వేడిగా మారిపోతుంది. 50 వేగంతో పోతున్న మన కారును పూర్తిగా ఆపితే 87 వేల జౌళ్లు పోతాయి. పెట్రోలు లెక్కలో 11 మిల్లీలీటర్లు, అంటే రెండు చెంచాలు. 80 వేగం నుంచి ఆపితే అయిదు చెంచాల పైమాటే. మా వైపు రోడ్డు మీద గొర్రెల మంద ఎదురుకావడం రోజూ ఉండేదే. దుమ్ము దూరంగా కనిపించినప్పుడే యాక్సిలరేటరు మీద కాలు తీసి, కారు తనంతట తాను నెమ్మదించేలా చేసే డ్రైవరు ఒకడు. మంద దాకా దూసుకువచ్చి కీచుమని బ్రేకు వేసి, హారను మోగించే డ్రైవరు ఇంకొకడు. రెండోవాడు ఒక్కొక్క మందకు రెండు నుంచి అయిదు చెంచాల పెట్రోలు ధారపోస్తున్నాడు. ఇల్లు చేరేది ఇద్దరూ దాదాపు ఒకే సమయానికే.

ఆ దుమ్ము సంగతి కూడా చెప్పుకోవాలి. ఎర్రమట్టి దుమ్ము గాలి ఫిల్టరులో పేరుకుంటే కార్బురేటరు ఉన్న పాత కారులో గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. నల్లని పొగ వస్తుంది, మైలేజీ పడిపోతుంది. కంప్యూటరు ఉన్న కారులో ఇలా జరగదు. వచ్చిన గాలికి తగినట్లే అది పెట్రోలు ఇస్తుంది. ఫిల్టరు మూసుకుపోయినా ఇలాంటి కార్లలో మైలేజీ పెద్దగా మారదని, పికప్పు మాత్రం తగ్గుతుందని అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో పరీక్షించి చెప్పింది. అయినా ఇంజను లోపలికి దుమ్ము పోకుండా ఫిల్టరును బాగా ఉంచుకోవలసిందే.

ఇంధన గొట్టానికి అయస్కాంతం కడితే, ట్యాంకులో ఫలానా మాత్ర వేస్తే మైలేజీ పెరుగుతుందని చెప్పేవారు సంతల్లోనూ, ఫోన్లలోనూ కనిపిస్తారు. నమ్మాలా? నమ్మడం, నమ్మకపోవడం కాదు, కొలవాలి. ట్యాంకు నిండా పోయించి మీటరు అంకె రాసుకోండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక, వీలైతే అదే బంకులో, కారును అదే చోట నిలిపి మళ్లీ నిండా పోయించండి. తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. ఒక్కసారి చేస్తే చాలదు. అయస్కాంతంతో మూడు సార్లు, లేకుండా మూడు సార్లు, అదే దారిలో, అదే డ్రైవరుతో చేయాలి. అయస్కాంతం కట్టిన రోజు నుంచి డ్రైవరు తెలియకుండానే నెమ్మదిగా నడపడం మొదలుపెడతాడు, ఆ ఘనత అయస్కాంతానికి పోతుంది! అందుకని అది ఉందో లేదో డ్రైవరుకు చెప్పకుండా చేస్తే ఇంకా మంచిది. పెట్రోలులో నూటికి డెబ్బై అయిదు పాళ్లు ఎటు పోతున్నాయో మనకు తెలుసు కదా, ఆ అయస్కాంతం వాటిలో దేన్ని ఆపుతోందని అమ్మేవాణ్ణి అడిగి చూడండి.

పాత లెక్కల పుస్తకం ఎవరి దగ్గరైనా ఉంటే కొత్త లెక్కతో పోల్చే ముందు ఒక సవరణ చేసుకోవాలి. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం సాధారణమయింది. లీటరు ఇథనాల్‌లో ఉండేది లీటరు పెట్రోలులో ఉండే శక్తిలో మూడింట రెండు వంతులే. కాబట్టి ఇప్పటి లీటరులో శక్తి నూటికి ఆరేడు పాళ్లు తక్కువ. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన 3 కోట్ల 20 లక్షల జౌళ్లు కల్తీలేని పెట్రోలుకు వర్తించే లెక్క. 20 శాతం ఇథనాల్ కలిసిన లీటరుతో మన కారును ఎన్ని మీటర్ల ఎత్తుకు ఎత్తవచ్చో మీరే కట్టి చూడండి.