చిరువర్తకులు తెలిసికొనవలసిన చట్టములు

అనకాపల్లి పేరు వినగానే బెల్లము జ్ఞప్తికి వచ్చును. చెరకు సాగునకు పేరుగన్న ఈ ప్రాంతమున 1913వ సంవత్సరములోనే వ్యవసాయ పరిశోధన స్థానము నెలకొన్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన అనకాపల్లి జిల్లా కేంద్రమైనది. పరిసర గ్రామములలో గానుగలాడించి బెల్లము వండువారును, దిమ్మలను అంగడికి చేర్చువారును, కమీషను వర్తకులైన కొలగారులును, చిల్లర దుకాణదారులును పెక్కుమంది చిరువర్తకులే. సరకు నాణ్యమును, ధరవరలను వీరు చక్కగా నెరుగుదురు. కాని తమకు వర్తించు చట్టములను ఎరిగినవారు తక్కువ. మాట నమ్మి అరువిచ్చి, ఏండ్లు గడచిన పిదప న్యాయస్థానమునకు పోయినచో, గడువు దాటినదను కారణమున న్యాయమైన బాకీ సహితము రాకపోవచ్చును. గ్రామ పంచాయతీ సభ్యులు ముందుగా హెచ్చరించినచో ఇట్టి నష్టములను చాలవరకు నివారింపవచ్చును.

అనుమతులు, నమోదు

గ్రామమున యంత్రశక్తితో నడచు గానుగ మొదలగు వానిని నెలకొల్పుటకు 1994వ సంవత్సరపు పంచాయతీ రాజ్ చట్టము ప్రకారము పంచాయతీ అనుమతి పొందవలెను. తినుబండారములను తయారుచేయువారును, అమ్మువారును 2006వ సంవత్సరపు ఆహార భద్రత చట్టము క్రింద లైసెన్సు పొందవలెను. మిక్కిలి చిన్న వ్యాపారులకు లైసెన్సు అక్కరలేదు, నమోదు చాలును. తూకపు యంత్రములను తూనికలు, కొలతల శాఖవారిచే నిర్ణీత కాలమున పరీక్ష చేయించి ముద్ర వేయించుకొనవలెను. ముద్ర లేని కాటా సరిగా తూచుచున్నను, దానిని వాడుట నేరమే యగును.

బెల్లపు రంగు

చూపునకు పసుపుపచ్చగా నుండు బెల్లమునకు కొనువారు ఎక్కువ ధర నిత్తురు. అందుచేత కొందరు వంటకాలమున 'హైడ్రోసు' అని వాడుకలో నున్న సోడియం హైడ్రోసల్ఫైటును పాకములో మితిమీరి కలుపుదురు. దీని వలన బెల్లములో గంధక సంబంధమైన అవశేషములు నిలిచిపోవును. కిలో బెల్లములో సల్ఫర్ డయాక్సైడు 70 మిల్లీగ్రాములకు మించరాదని నియమము కలదు. నాసిరకమని తేలిన సరకునకు 5 లక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. ఆరోగ్యమునకు హానికరమని తేలినచో జైలుశిక్ష కూడ కలుగవచ్చును. బెండ మొక్కల జిగురుతో మడ్డిని తేర్చు పద్ధతి మన రైతులకు క్రొత్త కాదు. దానిని ప్రోత్సహించుట మేలు.

అధికారి నమూనా తీసికొన్నంత మాత్రమున వర్తకుడు భయపడనక్కరలేదు. నమూనాను నాలుగు భాగములు చేసి సీలు వేయవలెను. అందొక భాగమును గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపుమని వర్తకుడు కోరవచ్చును. పరీక్షా నివేదిక అందిన 30 దినములలోగా దానిపై అప్పీలు చేసికొనవచ్చును.

భాగస్వామ్యము

ఇరువురు ముగ్గురు కలిసి పెట్టుబడి పెట్టుట గ్రామములలో సాధారణము. 1932వ సంవత్సరపు భాగస్వామ్య చట్టము ప్రకారము సంస్థను రిజిస్టరు చేయించుట నిర్బంధము కాదు. అయినను రిజిస్టరు కాని సంస్థ తన ఒప్పందముల మేరకు రావలసిన సొమ్ముకై ఇతరులపై దావా వేయజాలదు. అన్నదమ్ముల నడుమనైనను వాటాలు, లాభనష్టములు వ్రాతమూలకముగా నుండుట మంచిది.

రావలసిన సొమ్ము

చిరువర్తకుని నిజముగా క్రుంగదీయునది రాని బాకీ. అమ్మిన సరకు వెలకై దావా వేయుటకు గడువు సాధారణముగా 3 సంవత్సరములు. ఆ గడువు తీరకముందే బాకీదారు బాకీ నొప్పుకొనుచు వ్రాసి సంతకము చేసినచో, ఆ దినము నుండి క్రొత్తగా 3 సంవత్సరములు లభించును. కొంత సొమ్ము చెల్లించి, ఆ సంగతిని తన చేవ్రాతతోగాని సంతకముతోగాని నమోదు చేసినను అట్లే యగును. నోటిమాట వాయిదాలు గడువును పెంచవు. ఖాతా పుస్తకములోని పద్దు ఒక్కటే బాకీని రుజువు చేయజాలదు. దానికి తోడుగా తూకము, ధర చూపు పట్టీయో, రసీదో, సంతకమో ఉండవలెను.

చెల్లని చెక్కుల విషయమున గడువులు మరింత తక్కువ. చెల్లలేదని బ్యాంకు తెలిపిన 30 దినములలోగా చెక్కు నిచ్చినవానికి వ్రాతపూర్వకమైన నోటీసు పంపవలెను. అది అందిన 15 దినములలోగా అతడు సొమ్ము చెల్లింపనిచో, అటుపిమ్మట ఒక నెలలోగా మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయవలెను.

బెల్లము వండుట వంటి ఉత్పత్తి పనులు చేయు సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006వ సంవత్సరపు మరియొక చట్టము అండగా నున్నది. కొన్నవాడు ఒప్పుకొన్న గడువులోగా సొమ్ము చెల్లింపవలెను. ఆ గడువు 45 దినములకు మించరాదు. తప్పినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడు రెట్ల వడ్డీని నెలనెలా చక్రవడ్డీగా ఇచ్చుకొనవలెను. ఈ రక్షణ కోరువారు సరకు అమ్మకమునకు పూర్వమే 'ఉద్యమ్' నమోదు చేయించుకొనుట క్షేమము. కేవలము కొని అమ్మువారికి ఈ చెల్లింపు రక్షణ వర్తింపదు.

న్యాయసహాయము

స్త్రీలు, షెడ్యూల్డు కులములవారు, షెడ్యూల్డు తెగలవారు, వికలాంగులు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. దావా వేయకముందే వివాదమును లోక్ అదాలతు ముందుంచవచ్చును. అచ్చట ఇరుపక్షములు రాజీపడి పొందిన తీర్పునకు కోర్టు డిక్రీతో సమానమైన బలముండును. దానిపై అప్పీలు లేదు. 15100 అను ఫోను సంఖ్యకు పిలిచి సలహా పొందవచ్చును.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

చెరకు ఆడు కాలమునకు ముందే పంచాయతీ ఒక సమావేశము జరిపి, గానుగదారులను, దుకాణదారులను పిలిచి పై విషయములను వివరింపవలెను. ఆహార భద్రత అధికారిని, న్యాయసేవల సంస్థవారిని ఆహ్వానించుట ఉపయుక్తము. ఎవరి నమోదు ఎప్పుడు ముగియునో, ఎవరి కాటాకు ముద్ర లేదో జాబితా వ్రాయించవలెను. పట్టీలు, రసీదులు భద్రపరచుటయు, అరువు ఇచ్చిన ప్రతిసారి సంతకము తీసికొనుటయు అలవాటు చేయవలెను. చదువురాని వర్తకులకు ఈ పనిలో సాయపడు యువకు నొకరిని ప్రతి వార్డునందును ఏర్పాటు చేసినచో, కష్టార్జితమైన సొమ్ము గడువు దాటి చేజారిపోకుండ కాపాడినవారగుదురు.