పగడాల కోటకు ఏ దేవకన్య?

అద్దాల తొట్టెలో సముద్రం... అందులో పగడాల తోట... ఆ తోటలో రాజసంగా తిరిగే ఏంజెల్ చేప. చూడ్డానికి కన్నులపండగే. కానీ ఆ చేపను ఎంచుకోవడంలో చిన్న పొరపాటు చేసినా తోట మిగలదు, చేపా మిగలదు!

చుట్టూ వరి మళ్లు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ పారే ప్రాంతం. చేప అంటే ఇక్కడ బొచ్చె, రవ్వ, కొర్రమీను... ఏదైనా కూరలోకి వచ్చేదే. నల్గొండ జిల్లా త్రిపురారం నుంచి సముద్రం చూడాలంటే మిర్యాలగూడ దాటాలి, గుంటూరు దాటాలి, బాపట్ల దగ్గరి సూర్యలంక దాకా వెళ్లాలి. అప్పుడుగానీ అలల చప్పుడు వినపడదు.

అలాంటి ఊళ్లో ఓ ఇంటి హాల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు. సముద్రం దగ్గర్లో లేకపోవడం అసలు అడ్డంకే కాదు. అడ్డంకులు వేరే ఉన్నాయి. వాటిలో మొదటిది... ఏ చేపను తేవాలన్నది.

పేరొకటే... నీళ్లు వేరు

ఏంజెల్ ఫిష్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది పట్టణాల్లోని అక్వేరియం కొట్లలో కనిపించే బల్లపరుపు చేప. వెండి ఒళ్లు, నల్ల చారలు, పైకీ కిందికీ పొడవాటి రెక్కలు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నది. అది మంచినీటి చేప. సముద్రపు ఏంజెల్‌కూ దానికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. ఒకదాని నీళ్లలో రెండోదాన్ని వేస్తే బతకదు.

సముద్రపు ఏంజెల్ చేపల్లో దాదాపు 90 జాతులున్నాయి. ఎక్కువగా ఉష్ణమండల సముద్రాల్లోని పగడపు దిబ్బల దగ్గర ఉంటాయి. సీతాకోకచిలుక చేపలూ ఇలాగే పల్చగా, రంగురంగులుగా ఉండటంతో కొనేవాళ్లు తికమక పడుతుంటారు. చెంప చూస్తే తెలిసిపోతుంది. ఏంజెల్ చేపకు మొప్ప మీది మూత దగ్గర వెనక్కి తిరిగిన గట్టి ముల్లు ఉంటుంది. సీతాకోకచిలుక చేపకు అది ఉండదు. వల విసిరి పట్టేటప్పుడు ఈ ముల్లే వలలో చిక్కుకుని చేపను గాయపరుస్తుంది. అందుకే తెలిసినవాళ్లు వలతో కాకుండా ప్లాస్టిక్ డబ్బాతో పడతారు.

వీటిలో మరో వింత ఉంది. ఏంజెల్ చేపల్లో చాలా జాతులు మొదట ఆడవిగానే ఎదుగుతాయి. గుంపులో పెత్తనం చేసే పెద్ద చేప తర్వాత మగదిగా మారుతుంది!

పిల్లకో పేరు... తల్లికో పేరు

ఈ కుటుంబంలో చక్రవర్తి ఎంపరర్ ఏంజెల్. పెద్దదయ్యాక పసుపు, నీలం చారలతో మెరిసిపోతుంది. పిల్లగా ఉన్నప్పుడు మాత్రం ముదురు నీలం ఒంటి మీద తెల్లటి వలయాలు ఉంటాయి. రెంటికీ పోలికే ఉండదు. ఎంతగా అంటే, 1801లో శాస్త్రవేత్తలు ఈ పిల్ల చేపను వేరే జాతి అనుకుని నికోబార్ దీవుల పేరు పెట్టేశారు. అది ఎంపరర్ పిల్లేనని తర్వాత తేలింది.

కొనేవాళ్లు మోసపోయేదీ ఇక్కడే. కొట్లో రెండంగుళాల బుజ్జి చేప ముద్దొస్తుంది. అది పెరిగితే 40 సెంటీమీటర్లు... అంటే అడుగు స్కేలు కన్నా పొడవు! మన బంగాళాఖాతంలోనూ కనిపించే బ్లూ రింగ్ ఏంజెల్ ఇంకాస్త పెద్దది. అది 45 సెంటీమీటర్ల దాకా పెరగగలదు. ఇలాంటివాటికి కనీసం 800 నుంచి 1000 లీటర్ల తొట్టె ఉండాలి. మూడడుగుల తొట్టెలో పెడితే అటూ ఇటూ తిరగడానికే చోటుండదు. ఎదుగుదల కుంటుపడుతుంది, తోటి చేపల్ని తరుముతుంది, చివరికి రోగాన పడుతుంది.

మన తీరం చేపల మీద ఆసక్తి ఇప్పటిది కాదు. విశాఖపట్నంలో సేకరించిన 200 రకాల చేపల్ని బొమ్మలతో సహా వర్ణిస్తూ పాట్రిక్ రస్సెల్ 1803లో పుస్తకం వెలువరించాడు. అప్పటి స్థానికులు ఆ చేపల్ని ఏమని పిలిచేవారో కూడా అందులో రాశాడు.

అందగత్తెకు ఆకలెక్కువ

పగడం రాయి కాదు, మొక్కా కాదు. వేల చిన్న జీవులు కలిసి కట్టుకున్న కాలనీ. ఏంజెల్ చేపకు అది ఇల్లూ, వంటిల్లూ కూడా. ఎంపరర్ లాంటి పెద్ద ఏంజెల్స్ సముద్రంలో ముఖ్యంగా స్పాంజి జీవుల్ని తింటాయి. చిన్న ఏంజెల్స్ రాళ్ల మీది నాచును గీకి తింటాయి. తొట్టెలో అవి దొరక్కపోతే? ఎదురుగా ఉన్న పగడాన్ని కొరికి చూస్తాయి. మెత్తగా, కండగా ఉండే పగడాలూ, ఆల్చిప్పల అంచులూ వాటికి మరీ ఇష్టం. ఒక్కసారి కొరికితే పగడం ముడుచుకుంటుంది. రోజూ కొరికితే చచ్చిపోతుంది.

అందుకే పగడాల తొట్టెకు ఏంజెల్‌ను ఎంచుకునేటప్పుడు మూడు గుంపులుగా చూసుకోవాలి.

* జెనికాంథస్ జాతులు: నీళ్లలో తేలే సూక్ష్మజీవుల్ని తింటాయి. పగడాల జోలికి దాదాపు వెళ్లవు. మగ, ఆడ చేపల రంగులు వేరువేరుగా ఉంటాయి. అయితే 20 సెంటీమీటర్ల దాకా పెరిగేవి ఉన్నాయి. బాగా ఈదే చేపలు కాబట్టి 500 లీటర్లకు తగ్గని తొట్టె కావాలి. ఎగిరి బయటపడే అలవాటుంది. మూత తప్పనిసరి.

* మరుగుజ్జు ఏంజెల్స్: సెంట్రోపైజ్ అనే జాతివి. ఎర్రటి నిప్పుకణిక లాంటి ఫ్లేమ్ ఏంజెల్, ఊదా-నారింజ రంగుల కోరల్ బ్యూటీ, సగం పసుపు సగం నీలం ఉండే బైకలర్ వీటిలోవే. 10 నుంచి 15 సెంటీమీటర్లు పెరుగుతాయి. 250-300 లీటర్ల తొట్టె సరిపోతుంది. పగడాల్ని కొరుకుతాయా అంటే... చేపను బట్టి ఉంటుంది. ఒకే జాతిలో ఒకటి బుద్ధిమంతురాలైతే ఇంకోటి తుంటరిది కావచ్చు. వీటిలో కోరల్ బ్యూటీ కాస్త గట్టిపిండం. కొత్తవాళ్లకు అదే నయం. బైకలర్ కొత్త తొట్టెల్లో తొందరగా తిండి ముట్టదు.

* పెద్ద ఏంజెల్స్: ఎంపరర్, క్వీన్, బ్లూ రింగ్ లాంటివి. ప్రాణమున్న పగడాల తొట్టెలో వీటిని వేయకపోవడమే మంచిది.

ఏ గుంపైనా ఒక నియమం మరవకూడదు. ఒక తొట్టెకు ఒకే ఏంజెల్. రెండుంటే సరిహద్దు తగాదాలే! అదీ అన్ని చేపల కన్నా చివర్లో వేయాలి. ముందే వేస్తే తొట్టె మొత్తం తనదే అనుకుంటుంది.

అసలు పగడమే నేరమైతే?

ఇది చాలామందికి తెలియని సంగతి. మన దేశంలో దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులికి ఎంత రక్షణో పగడానికీ అంతే. వాటిని సముద్రం నుంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం. మూడు నుంచి ఏడేళ్ల జైలు పడొచ్చు. చచ్చిన పగడపు ముక్క అయినా మినహాయింపు లేదు. 'లైవ్ రాక్' పేరుతో అమ్మే రాళ్లూ చాలాసార్లు పగడపు దిబ్బల ముక్కలే.

విదేశీ పగడాలు కదా అని కొనేసినా చిక్కే. గట్టి పగడాలు అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం పరిధిలో ఉన్నాయి. సరైన దిగుమతి పత్రాలు ఉండాలి. 2022లో చట్టాన్ని సవరించాక ఇలాంటి జీవుల్ని ఇంట్లో ఉంచుకునేవాళ్లు నమోదు కూడా చేయించుకోవాలి. మెక్సికో తీరంలోని దీవుల దగ్గర దొరికే క్లారియన్ ఏంజెల్ చేపనైతే 2016లో నేరుగా ఈ ఒప్పందం జాబితాలో చేర్చారు. అందం ఎక్కువై దొరకడం తక్కువైతే జరిగేది ఇదే.

మరి దారేంటి? సిరామిక్ రాళ్లూ, రెసిన్‌తో చేసిన కృత్రిమ పగడాలూ వాడుకోవచ్చు. కొన్ని నెలలకు వాటి మీద నాచూ, మేలు చేసే బ్యాక్టీరియా పెరిగి సహజంగానే కనిపిస్తాయి. దీంతో ఇంకో లాభం కూడా ఉంది. కొరకడానికి ప్రాణమున్న పగడమే లేనప్పుడు ఏంజెల్ కొరుకుతుందేమో అన్న బెంగే ఉండదు. ఇక చూసుకోవాల్సింది తొట్టె సైజు ఒక్కటే.

ఫ్లోరైడ్ కాదు... అసలు శత్రువు వేరు

నల్గొండ నీళ్లంటే ఎవరికైనా గుర్తొచ్చేది ఫ్లోరైడ్. విచిత్రమేంటంటే, సముద్రపు నీటిలోనూ లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. కాబట్టి ఉప్పునీటి చేపకు మొదటి భయం దాంతో కాదు. బోరు నీటిలోని నైట్రేట్లూ, ఫాస్ఫేట్లూ, సిలికేట్లతో ఎక్కువ చిక్కు. ఎరువులు ఎక్కువగా వాడే వరి ప్రాంతాల్లో భూగర్భ జలాల్లో నైట్రేట్లు ఉండే అవకాశం ఎక్కువ. ఇవి తొట్టెలో చేరితే పగడాల మీద, రాళ్ల మీద జిగట నాచు అల్లుకుపోతుంది.

అందుకే ఆర్వో నీళ్లు వాడాలి. అయితే ఇళ్లలోని చాలా ఆర్వో యంత్రాలు రుచి కోసం కొంత ఖనిజాల్ని నీళ్లలో ఉంచేస్తాయి. అక్వేరియానికి అవీ లేకుండా డీఅయొనైజర్ గుండా పంపిన నీళ్లు కావాలి. టీడీఎస్ మీటరు సున్నాకు దగ్గరగా చూపించాలి.

ఆ నీటిలో కలపాల్సింది వంటింటి ఉప్పు కాదు. సముద్రపు నీటిలో కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం లాంటివెన్నో ఉంటాయి. వాటన్నిటితో తయారుచేసిన అక్వేరియం ఉప్పు విడిగా దొరుకుతుంది. లీటరుకు 35 గ్రాముల లెక్కన 300 లీటర్ల తొట్టెకు పదిన్నర కేజీలు. పదిహేను రోజులకోసారి పదో వంతు నీళ్లు మార్చడానికి మరో కేజీ. అద్దం, రాళ్లు, నీళ్లు అన్నీ కలిపి తొట్టె బరువు దాదాపు నాలుగు క్వింటాళ్లవుతుంది. మామూలు చెక్కబల్ల మీద పెట్టే సరుకు కాదు!

ఇక ఎండాకాలం. ఏంజెల్ చేపకు 24 నుంచి 27 డిగ్రీలు హాయి. త్రిపురారంలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నీళ్లు వేడెక్కితే ప్రాణవాయువు తగ్గుతుంది. ఫ్యాన్ గాలి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. అప్పుడు నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం అక్కడే ఉండిపోతుంది. తగ్గినంత మేరకు ఉప్పులేని ఆర్వో నీళ్లే పోయాలి. ఇంతటి ఎండలకు చివరికి చిల్లర్ తప్పదు. దాని ఖరీదు చేప ఖరీదును ఎప్పుడో దాటిపోతుంది. కరెంటు పోతే గాలి అందించేందుకు బ్యాటరీ పంపు సిద్ధంగా ఉంచుకోవాలి.

కొట్లో ఇవి చూడాలి

చేపను కొనే ముందు మేత వేసి చూపించమని అడగాలి. మొహమాటం వద్దు. తినని ఏంజెల్‌ను ఎంత తక్కువకిచ్చినా తీసుకోకూడదు. పొట్ట లోపలికి పోయినా, ఒంటి మీద పంచదార పలుకుల్లాంటి తెల్ల చుక్కలున్నా, మొప్పలు గబగబా కొట్టుకుంటున్నా వెనక్కి రావడమే మేలు. కొట్టుకు వచ్చి కనీసం పది పదిహేను రోజులైన చేప అయితే మంచిది.

ఎక్కడ పట్టారో, ఎలా పట్టారో కూడా అడగాలి. ఫిలిప్పీన్స్ తదితర చోట్ల 1960ల నుంచి చేపల్ని మత్తులో పడేయడానికి సయనైడ్ చల్లే దుర్మార్గపు పద్ధతి నడిచింది. అలా పట్టిన చేప పైకి బాగానే కనిపించి కొన్నాళ్లకు చనిపోవచ్చు. పగడాలైతే అక్కడికక్కడే మాడిపోతాయి. హేచరీల్లో పుట్టిన ఏంజెల్స్ ఇప్పుడు కొన్ని దేశాల నుంచి వస్తున్నాయి. ధర ఎక్కువే. కానీ మేతకు అలవాటుపడి ఉంటాయి, సముద్రం నుంచి ఒక్క చేపా తగ్గదు.

తెచ్చాక నాలుగు వారాలు విడి తొట్టెలో ఉంచాలి. తెల్లమచ్చల రోగానికి వాడే రాగి మందు పగడాల్ని, రొయ్యల్ని చంపేస్తుంది. కాబట్టి వైద్యమంతా ఆ విడి తొట్టెలోనే. మందు మోతాదు మించితే ఏంజెల్ కూడా తట్టుకోలేదు. అసలు తొట్టెలో అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు చేరడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అది పూర్తయ్యాక కూడా కొన్ని నెలలు ఆగి, రాళ్ల మీద నాచు పట్టాక ఏంజెల్‌ను తెస్తే దానికి మేసేందుకు చోటుంటుంది. రోజుకు రెండు మూడుసార్లు కొద్దికొద్దిగా స్పిరులినా, సముద్రపు నాచు, రొయ్యల మేత పెట్టాలి. స్పాంజి కలిపిన ప్రత్యేక మేతలూ దొరుకుతాయి. కడుపు నిండిన ఏంజెల్ పగడాన్ని కొరకడం తక్కువ.

ఇంత చేయగలిగితే ఆ చేప పదేళ్లకు పైగా ఇంట్లో మనిషిలా ఉంటుంది. మేత డబ్బా చప్పుడుకే అద్దం దగ్గరికొచ్చి నిలబడుతుంది.

చేయలేమనిపిస్తే? చిన్నబుచ్చుకోవాల్సిన పనేం లేదు. కాస్త ఎత్తయిన 150 లీటర్ల తొట్టెలో ఆ అమెజాన్ ఏంజెల్స్‌నే నాలుగు పెంచుకోవచ్చు. అవి హేచరీల్లో పుట్టినవే, ఉప్పు అక్కర్లేదు, చిల్లరూ అక్కర్లేదు. పగడపు దిబ్బ సముద్రంలోనే ఉంటుంది. పిల్లలు పెద్దయ్యాక ఏ లక్షద్వీప్‌కో, అండమాన్‌కో వెళ్లి దాని ఇంట్లోనే దాన్ని చూసొస్తారు.