పాల బూత్ నుండి ఫోనులోకి: పట్నం కొనుగోలుదారు ఎట్లా మారాడు?

హైదరాబాదు, విజయవాడ వంటి నగరాలలో పాల ప్యాకెట్టు కోసం తెల్లవారుజామున బూత్ దాకా నడవని కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. వారు పాలు వాడడం మానలేదు. రాత్రి పడుకోబోయే ముందు సెల్‌ఫోనులో రేపటికి ఎన్ని ప్యాకెట్లు కావాలో నొక్కితే, నిద్ర లేచేసరికి గుమ్మానికి తగిలించిన సంచిలో పాలుంటాయి. మనం సంఘంలో పోసే పాలు చివరకు చేరేది ఆ గుమ్మానికే కనుక, ఈ మార్పు ఎట్లా వచ్చిందో సభ్యులు తెలుసుకోవడం అవసరం.

ఫోను మీద సరుకు ఎంచి ఇంటికి తెప్పించుకోవడాన్ని ఆన్‌లైన్ కొనుగోలు అంటున్నారు. 2007లో బెంగుళూరులో మొదలైన ఫ్లిప్‌కార్ట్ సంస్థ తొలుత అమ్మినవి పుస్తకాలు. కంటితో చూడని సరుకుకు ముందే డబ్బు పంపడానికి జనం జంకేవారు. సరుకు చేతికి వచ్చాకనే డబ్బు ఇవ్వవచ్చునన్న పద్ధతితో ఆ జంకు చాలావరకు తీరింది. 2016లో యు.పి.ఐ. చెల్లింపులు, చవక ఇంటర్నెట్టు రెండూ రావడంతో, పోనుపోను పది ఇరవై రూపాయలు సైతం ఫోనులోనే చెల్లించసాగారు. 2020 లాక్‌డౌనులో గడప దాటలేని కుటుంబాలు ఉప్పు, పప్పు కూడా ఇట్లాగే తెప్పించుకున్నాయి. ఆ అలవాటు చాలామందిలో నిలిచిపోయింది.

బట్టలు ఏడాదికి నాలుగుసార్లు కొంటారు. పాలు రోజూ కొంటారు. అసలు కిటుకు ఇక్కడ ఉన్నది. పాల ప్యాకెట్టు మీద అమ్మేవారికి మిగిలేది స్వల్పం. అయినా ఈ సంస్థలు పాలు అమ్మడానికి పోటీ పడతాయి. పాల కోసం రోజూ ఫోను తెరిచే ఇల్లాలు బ్రెడ్డు, బిస్కట్లు, సబ్బు కూడా అక్కడే కొంటుంది. లాభం వాటి మీద వస్తుంది. వెనుకటి కిరాణా కొట్టువారికి ఈ సంగతి తెలియదని కాదు, వారి దగ్గర ఇంత జాబితా లేదు, అంతే.

2021 నుండి నిమిషాలలో సరుకు అందిస్తామనే జెప్టో, బ్లింకిట్, ఇన్‌స్టామార్ట్ వంటివి ముందుకు వచ్చాయి. ఇందుకోసం పేటల నడుమనే చిన్న గోదాములు పెడతారు. వీటిని డార్క్ స్టోర్లు అంటారు. లోపల చీకటేమీ ఉండదు, కొనేవారికి ప్రవేశం ఉండదు.

దీని బలం ఎంతటిదో 2023 ఏప్రిల్‌లో బెంగుళూరులో తెలిసింది. కర్ణాటక పాల సమాఖ్య వారి నందినికి ఆ నగరం కంచుకోట. అక్కడ తాజా పాలు, పెరుగు అమ్ముతామని గుజరాత్ సహకార సంస్థ అమూల్ ప్రకటించినది. అమ్మకం మామూలు కొట్లలో కాదు, ఆన్‌లైన్‌లోనే అన్నారు. శాసనసభ ఎన్నికల వేళ కావడంతో పెద్ద దుమారం రేగింది. అది అట్లా ఉంచితే, ఒక్క బూత్ కూడా తెరవకుండా ఒక పాల సంస్థ పరాయి నగరంలో అడుగుపెట్టవచ్చునని తేలినది. ఇద్దరూ సహకార రంగం వారే కావడం మరీ ఆలోచించదగిన విషయం.

ఇక మన సంగతి. బూత్ ఏజెంటుకు వీధిలో ప్రతి ఇల్లూ తెలుసు. ఒకనాడు పాలు విరిగితే, "రేపు చూడండమ్మా" అని సర్దిచెప్పి, ఆ ఇంటిని నిలబెట్టుకునేవాడు. ఫోను దుకాణంలో ఆ మాటకు చోటు లేదు. విరిగిన పాలను ఫోటో తీసి పంపితే డబ్బు వాపసు చేస్తారు. మరునాడు ఆ ఇల్లు పక్క బొమ్మ మీద నొక్కి వేరొక కంపెనీ పాలు తెప్పించుకుంటుంది. ఎవరి పాలు ఎన్నిసార్లు విరిగాయో దుకాణం వారి లెక్కలో ఉంటుంది. తెర మీద ఎవరి ప్యాకెట్టు ముందు కనిపించాలో నిర్ణయించేదీ వారే.

పితికిన పాలు పశువు ఒంటి వెచ్చదనంతో ఉంటాయి. 4 డిగ్రీలకు చల్లబడేదాకా వాటిలో సూక్ష్మక్రిములు వేగంగా పెరుగుతూనే ఉంటాయి. డెయిరీలో పాశ్చరైజు చేస్తే క్రిములు చాలామటుకు చస్తాయి గాని, అప్పటికే చెడిన రుచి తిరిగి రాదు. ప్యాకెట్టు మీది బ్యాచ్ నంబరు పట్టుకుని వెనక్కి వెళితే ఏ రోజు నింపారో, ఏ ట్యాంకర్లు వచ్చాయో, అవి ఏ కూలర్ల నుండి బయలుదేరాయో తెలుసుకోవచ్చు. కూలరులో మాత్రం పలు గ్రామాల పాలు కలిసిపోయి ఉంటాయి. సేకరణ వేళ దాటి వచ్చిన క్యానును కార్యదర్శి తిప్పి పంపితే సభ్యునికి కోపం రావడం సహజమే. ఆయన కాపాడుతున్నది ఆ కూలరులోని మిగతా అందరి పాలను.