అయిదు చదరపు మీటర్లకొక చేప

సముద్రములోనికి వెలుగు ఎంతో దూరము పోజాలదు. రెండువందల మీటర్ల లోతునకు చేరునప్పటికి మిట్టమధ్యాహ్నపు సూర్యకాంతి సయితము నామమాత్రమై మిగులును. కావున అట్టడుగున కోట్లకొలది చేపలు గుమిగూడినను పైనుండి చూచు మనకు అలలు దక్క వేరేమియు కనబడవు. శబ్దమునకైతే నీరు మిక్కిలి యనుకూలమైన మార్గము. 1826లో కొల్లడాన్ అను స్విస్ శాస్త్రజ్ఞుడు జెనీవా సరస్సున నీటిలో గంట మ్రోగింపజేసి, దూరముననున్న మరియొక పడవలో తాను కూర్చుండి, గంటతోపాటే వెలిగించిన మందుగుండు మెరుపును కంటితో చూచుచు, నీటిలోనికి దింపిన గొట్టమునకు చెవి యొగ్గి, ఆ ధ్వని సెకనునకు సుమారు 1435 మీటర్ల వేగమున వచ్చుచున్నదని నిర్ణయించెను. గాలిలోని శబ్దవేగమునకు ఇది నాలుగురెట్ల పైమాట. నీటిలోనికి ధ్వనిని పంపి, ఎదురుపడిన వస్తువును తాకి మరలివచ్చు ప్రతిధ్వనినిబట్టి దాని దూరమును లెక్కగట్టు సోనార్ విద్యకు ఈ గుణమే ఆధారము.

ఈ విద్య సముద్రపు లోతు కొలుచుటకును, యుద్ధకాలమున జలాంతర్గాములను పసిగట్టుటకును అక్కరకు వచ్చిన సంగతి సర్వవిదితము. నార్వే దేశీయుడైన ఓస్కార్ సుండ్ లోఫోటెన్ ద్వీపములకడ కాడ్ చేపల గుంపు ప్రతిధ్వనిపటముపై ఒక పొరగా అచ్చుపడుటను గమనించి, 1935లో నేచర్ పత్రికయందు దానిని ప్రకటించెను. అయితే, ఇట్లు ధ్వనిని మరలగొట్టునది చేప మాంసమని తలపరాదు. చేప దేహము ఇంచుమించు నీటివంటిదే యగుటచే ధ్వని దానిని పెద్దగా లెక్కచేయక దాటిపోవును. దాని కడుపులో వెన్నెముక క్రింద, నీటిలో తేలియాడుటకై ప్రకృతి యమర్చిన గాలితిత్తి కలదే, ఆ పిడికెడు గాలియే ప్రతిధ్వనిలో తొంబదిపాళ్లకు పైగా పుట్టించును. మన గోదావరి పులసకు దూరపు జ్ఞాతియగు హెర్రింగ్ చేప తిత్తిలోనికి గాలిని స్వయముగా ఊరించుకొను గ్రంథి లేనిదగుటచే, నీటిపైకి వచ్చి గాలిని మ్రింగి తిత్తి నింపుకొనును. అక్కరలేనిదానిని మలద్వారము కడనుండి బుడగలుగా విడుచును. 1990ల దశకమున స్వీడను నౌకాదళమువారు తమ జలములలో పరదేశపు జలాంతర్గాములు తిరుగుచున్నవని అనుమానించుటకు హేతువైన వింత శబ్దములలో కొన్ని, శాస్త్రజ్ఞులు శోధించి చూడగా, ఈ హెర్రింగుల బుడగల చప్పుడేయని తేలినది! రాజకీయ చరిత్రలో ఒక చేప కడుపుగాలికి ఇంత గౌరవము దక్కుట మరెన్నడును జరిగియుండదు.

నౌక యడుగున బిగించిన సాధారణ సోనార్ తన క్రిందనున్న నీటిని మాత్రమే పరీక్షించును. అట్టిదానితో పదులకొలది కిలోమీటర్లు వ్యాపించిన గుంపును తెలిసికొనజూచుట తలుపుసందులోనుండి తిరునాళ్లను చూచుటవంటిది. నౌక ఈ కొసనుండి ఆ కొసకు పోవునంతలో గుంపు రూపే మారిపోవును. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన నికొలస్ మక్రిస్ బృందము వేరొక త్రోవ తొక్కినది. ఖండతీరపు అంచులలో, లోతు తక్కువగానున్నచోట, కొన్నివందల హెర్ట్‌జుల మంద్రధ్వనిని ప్రసరింపజేసినచో అది నీటిమట్టమునకును సముద్రపుటడుగునకును నడుమ చిక్కుకొని, మరలమరల పరావర్తనము చెందుచు, బహుదూరము ప్రక్కకు వ్యాపించును. నౌక వెనుక లాగబడు శ్రవణసాధనముల వరుస మరలివచ్చు ప్రతిధ్వనులను గ్రహింపగా, నూరు కిలోమీటర్ల వ్యాసముగల సముద్రభాగము 75 సెకనులకొకసారి పటముగా కనులముందు నిలుచును.

2006 శరత్కాలమున ఈ సాధనమును మెయిన్ సింధుశాఖకు దక్షిణపుటంచున నున్న జార్జెస్ బ్యాంక్ అను మెట్టయొద్దకు కొనిపోయిరి. హెర్రింగులు అక్కడ గ్రుడ్లు పెట్టుకాలమది. పగలంతయు లోతునీట అడుగుభాగమున చెదరి, ఏకాకులవలె తిరుగుచున్న చేపలు, సూర్యాస్తమయము సమీపించుకొలది అక్కడక్కడ దగ్గరకు చేరసాగెను. చదరపు మీటరునకు 0.2, అనగా అయిదు చదరపు మీటర్లకొక చేప చొప్పున సాంద్రత యేర్పడువరకు చెప్పుకొనదగిన విశేషమేదియు లేదు. ఆ హద్దు చేరిన తోడనే, ఒకచోట మొదలైన కూడిక ఇరుగుపొరుగు చేపలకు సోకుచు, ఏ చేపయు ఈదజాలని వేగముతో తరంగమై ప్రాకిపోయి, పదులకొలది నిమిషములలోనే పదులకొలది కిలోమీటర్ల పొడవుగల మహాసమూహముగా పరిణమించినది. ఇరువదియైదు కోట్ల చేపలవరకు అందు చేరినవని లెక్కగట్టిరి. పిదప ఆ సమూహమంతయు ఒక్కుమ్మడిగా దక్షిణముగా కదలి, మెట్టమీది లోతు తక్కువ నీటిలోనికి పోయి, పగటి శత్రువుల కంటబడకుండ చీకటిలో గ్రుడ్లు పెట్టినది. ఈ పరిశోధన 2009లో సైన్స్ పత్రికయందు వెలువడినది.

ఇందు నన్ను ఆకర్షించినది గుంపు పరిమాణము కాదు, ఆ హద్దు. నీరు గడ్డకట్టునట్లే సజీవప్రాణుల సమూహమునకును సందిగ్ధ సాంద్రత యొకటి యుండవచ్చునని సిద్ధాంతకర్తలు గణనయంత్రములపై చిరకాలముగా చెప్పుచుండిరి. సముద్రమున అది కంటికి కట్టుట అదియే మొదలు. ఇందులో ఆజ్ఞాపించువాడెవడును లేడు. ప్రతి చేపయు తన ప్రక్కవానిని మాత్రమే ఎరుగును. ఆ యెరుక సయితము కేవలము కంటిది కాదు: 1976లో ప్రకటితమైన ఒక ప్రయోగమున, కాడ్ జాతికి దగ్గరిదగు సైత్ చేపలకు తాత్కాలికముగా కన్నులు మూసినను అవి తోటివానితో కలిసి యీదగలిగెను, ప్రక్కలవెంట నుండు పార్శ్వరేఖ యను ఇంద్రియము పొరుగుచేప తోకవిసరునకు కదలిన నీటిని గ్రహించుటయే దానికి కారణము. ఆ రేఖను మొప్పలవద్ద ఖండించినపిదప అట్లు ఈదలేకపోయెను.

మక్రిస్ బృందమే 2014 ఫిబ్రవరిలో నార్వేకు ఉత్తరముననున్న బారెంట్స్ సముద్రమున సేకరించిన ప్రతిధ్వనులను పునఃపరీక్షించి, 2024లో మరియొక దృశ్యమును లోకమునకు చూపినది. పెద్ద చేప తిత్తి తక్కువ పౌనఃపున్యమునకును, చిన్నచేప తిత్తి ఎక్కువ పౌనఃపున్యమునకును అనునాదము చెందుటచే, కాడ్ ఎక్కడ, దానికి ఆహారమగు కాపెలిన్ అను చిన్నచేప ఎక్కడ అనునది ఒకే పటమున వేరుపరుపవీలైనది. గ్రుడ్లు పెట్టుటకై చెదరివచ్చిన కాపెలిన్లు తెల్లవారునప్పటికి సందిగ్ధ సాంద్రతను దాటి సుమారు 2 కోట్ల 30 లక్షల చేపల గుంపై, పది కిలోమీటర్ల పొడవున బారుతీర్చగా, వాటివెంట కాడ్‌లును 25 లక్షలవరకు తమలో తాము గుంపుగట్టి మీదికి దుమికెను. కొద్దిగంటలలో కోటికి పైగా కాపెలిన్లు ఆహుతియయ్యెను. అయినను ఆ తీరమున ఆ యేట గ్రుడ్లు పెట్టుటకు వచ్చిన కాపెలిన్లలో ఇది ఇంచుమించు వేయింట ఒక పాలు మాత్రమే.