గుగ్గిలపు బంకలో చెదపురుగు

మన సైదాబాదు ఇండ్లలో పుస్తకములకు చెద పట్టినచో నెల్లరును విసుగుకొందురు. అట్టి యల్పజీవియే మన దేశపు ప్రాచీన చరిత్రకు సాక్షి యైనది.

చెట్ల గాయములనుండి స్రవించిన బంక భూమిలో గట్టిపడి, యుగములు గడచిన పిమ్మట తృణమణి యగును. గుజరాతులోని సూరతు ప్రాంతపు లిగ్నైటు బొగ్గుగనులలో నిది దొరకినది. దీని వయస్సు దాదాపు 5 కోట్ల సంవత్సరములు. మన యంగళ్లలో నమ్మెడి గుగ్గిలము నిచ్చు సాలవృక్షముయొక్క కుటుంబపు చెట్లే దీనిని స్రవించినవి.

బంకలో చిక్కిన పురుగు రెక్కల యీనెలతోసహా చెడక నిలుచును. శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో దాని యవయవములను కొలిచి, ఎరిగిన జాతులతో పోల్చి, దేనితోను సరిపడనిచో మాత్రమే క్రొత్త పేరిడుదురు. పిమ్మటివారు మరల పరీక్షించుటకై యా పురుగును భద్రపరతురు. 2011లో నిట్లు వర్ణింపబడిన చెదలలో నొకటి నానోటెర్మిస్, అనగా మరుగుజ్జు చెద. మన పొలముగట్లపై పుట్టలు పెట్టెడి చెదల కుటుంబములో, నాటికి దొరకినవానిలో నిదియే మిక్కిలి ప్రాచీనము.

హిందూదేశము ఆసియాను చేరకముందు బహుకాలము సముద్రమధ్యమున నొంటరిగా నుండెనని పండితులు తలచిరి. అట్లైనచో నిచ్చటి పురుగులు మరెచ్చటను బంధువులు లేనివై యుండవలెను. కాని 2010లో ప్రకటింపబడిన పరిశోధనవలన, ఈ గనుల కీటకములకు ఐరోపా, ఆసియా, మధ్య అమెరికా కీటకములతో బంధుత్వము కలదని తెలిసెను. ఆ యొంటరితనము తలచినంత గొప్పది కాదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

కావున పుస్తకములకు పట్టిన చెదను తప్పక దులుపుడు. కాని దులుపుటకు ముందొకసారి శ్రద్ధతో చూడుడు. సృష్టికర్త చేసిన చిన్నజీవిని చూడ నేర్చినవానికే పెద్ద సంగతులు తెలియును.