గ్రంథాలయములకు క్రొత్తనీరు

మీ యూర గ్రంథాలయమున్నదా యని యెవరైన నడిగినచో ఉన్నదని చెప్పుట సులభము. భవనము గలదు, బీరువాలు గలవు, బల్లమీద దినపత్రికలు గలవు. కాని ఈ మాసమున అచ్చటికి ఎన్ని క్రొత్త గ్రంథములు వచ్చినవని ప్రశ్నించినచో పెక్కు చోట్ల ప్రత్యుత్తరము దొరకదు. గ్రంథాలయము సజీవమో నిర్జీవమో తేల్చునది ఈ రెండవ ప్రశ్నయే. 1931లో ప్రకటించిన తమ సుప్రసిద్ధ గ్రంథమున రంగనాథన్ గారు గ్రంథాలయ శాస్త్రమునకు ఐదు సూత్రములను నిర్దేశించిరి. గ్రంథాలయము పెరుగుచుండెడి ప్రాణి యనుట వానిలో కడపటిది. పోషణలేని ప్రాణికి ఏ గతి పట్టునో వేరుగ జెప్పనేల?

ఆంధ్రులకు ఇది తెలియని విషయము గాదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులు గారును వారి మిత్రులును హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పునాటికి తెలుగున కావ్యములకును పురాణములకును కొఱత లేదు. చరిత్రము, ప్రకృతిశాస్త్రములు, మహాపురుషుల జీవితములు మాత్రము మిక్కిలి యరుదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి అబ్రహాం లింకన్ చరిత్రముతో ఆరంభమైన ఆ గ్రంథమాల చరిత్రమును, శాస్త్రమును, నవలను ఒక్క పంక్తిని గూర్చుండబెట్టెను. 1914లో బెజవాడ యందు అయ్యంకి వేంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు మహాసభగా సమావేశమైరి. 1935లో కృష్ణాకాలువలపై గ్రంథములతో నిండిన పడవ పల్లెపల్లెకు సాగెను. చదువరి గ్రంథమును వెదకికొని రాలేనపుడు గ్రంథమే చదువరిని వెదకికొని పోయినది. ఈ కార్యములు పేదల చందాలతోను, దాతల యౌదార్యముతోను జరిగినవే గాని ప్రభుత్వపు సొమ్ముతో జరిగినవి కావు.

తరువాత చట్టములు వచ్చినవి. 1948లో మద్రాసు రాష్ట్రమున గ్రంథాలయ చట్టమును, 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టమును ఏర్పడినవి. ఇంటిపన్ను రూపాయకు 8 పైసల చొప్పున గ్రంథాలయపన్ను గూడ చేర్చి వసూలు చేయుదురు. పంచాయతీలును పురపాలక సంఘములును వసూలు చేసిన యీ మొత్తమును జిల్లా గ్రంథాలయ సంస్థకు చెల్లింపవలెను. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ప్రజలు చెల్లించిన పన్ను సంస్థకు చేరక బకాయిగా నిలిచిపోవుట చిరకాలపు రోగము. చేరిన కొలది సొమ్మును అద్దెలకును, దీపములకును, మరమ్మతులకును సరిపెట్టిన పిమ్మట పుస్తకముల పద్దునకు మిగులునదేమి? ఒకచేతితో పన్ను చెల్లించిన గృహస్థు రెండవచేతికి పుస్తకము రాకున్నను అడుగకుండుట మఱింత వింత.

ఇంకొక సంగతి. 1954 నాటి కేంద్రచట్టము ననుసరించి దేశమున ప్రకటింపబడు ప్రతి గ్రంథమును కలకత్తా, మద్రాసు, బొంబాయి, ఢిల్లీ నగరములలోని నాలుగు గ్రంథాలయములకు ప్రకాశకుడు పంపవలెను. తెలుగు గ్రంథమునకును ఇదే విధి. కాని ఆ నాలుగింటిలో నొక్కటియు తెలుగుగడ్డపై లేదు. కావున చట్టము పేరిట గ్రంథములు తమంత దామే తెలుగు పల్లెకు నడచి రావు. వానిని కొని తెచ్చుటకు పల్లెవాని పన్నే యాధారము.

సొమ్ము లభించినను ఎన్నిక ముఖ్యము. ఒకేరకపు పుస్తకములను మూటగట్టి పంపినచో బీరువా నిండునే గాని గ్రంథాలయము నిండదు. ఉద్యోగ పరీక్షలకు చదువు యువకుల యవసరము న్యాయమైనదే. వారికి కావలసిన గ్రంథములు రావలసినదే. కాని రైతునకు పైరుల తెగుళ్లను గూర్చియు భూమి చట్టములను గూర్చియు తెలుపు గ్రంథము, స్త్రీలకును పురుషులకును మంచి నవల, బాలురకు బొమ్మల కథలు, చరిత్రము, వైద్యము, పరభాషల నుండి వచ్చిన అనువాదములు, నేటి కవుల కావ్యములు ప్రతి మాసమును తగుపాళ్లలో రావలెను. చదువరులు తమ కోరికలు వ్రాయుటకొక పుస్తకమును, క్రొత్త గ్రంథముల పట్టికకొక పలకను వాకిటనే యుంచిన చాలును. వ్యయము స్వల్పము, ప్రయోజనము అధికము.

చరవాణి చేతికి వచ్చిన యీ దినములలో పుస్తకములను చదువువారెవరని కొందఱందురు. చదువరులు రానందున గ్రంథములు కొనుట లేదని వీరి వాదము. గ్రంథములు కొననందుననే చదువరులు రాకున్నారని మన మనుభవమున ఎఱుగుదుము. నీరు పెట్టని చేను పండలేదని విత్తనమును నిందించుట న్యాయమా? క్రొత్తనీరు వచ్చి పాతనీటిని కొట్టుకొని పోవునని సామెత. గ్రంథాలయమున మాత్రము క్రొత్తది పాతదానిని కాపాడును. నేడు వచ్చిన నవలకై వచ్చినవాడే ఆ ప్రక్క బీరువాలోని భారతమును దుమ్ముదులిపి తీయును.

ప్రతి గ్రంథాలయమునందును వచ్చిన పుస్తకములను తేదీతోను వరుససంఖ్యతోను వ్రాసికొను రిజిస్టరు ఒకటి యుండును. పాఠకులు ఈ వారము తమ గ్రంథాలయమునకు బోయి దానిని చూపుమని మర్యాదగ నడుగవలెను. చివరి పుటలోని చివరి తేదీ యెన్నడిదో చదువవలెను. అది గతమాసపుదైన గ్రంథాలయాధికారిని అభినందింపుడు. సంవత్సరముల క్రిందటిదైన అచ్చట నాగక పంచాయతీ కచేరికి బోయి, మేము కట్టిన గ్రంథాలయపన్ను ఎచ్చట నున్నదని యడుగుడు. పడవలపై పుస్తకములను మోసినవారి సంతతికి ఈపాటి నడక భారము గాదు.