వకీలు ఇంటిలో మధురవాణి: ‘కన్యాశుల్కం’లో వ్యాజ్యం, సాక్ష్యం

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకాన్ని సంఘసంస్కరణ దృష్టితో పరిశీలించిన విమర్శ తెలుగులో విస్తారంగా ఉంది. అదే నాటకాన్ని ఒక వ్యాజ్యం కథగా చదివినప్పుడు మధురవాణి పాత్ర మరింత చిక్కుగా, మరింత మానవీయంగా కనబడుతుంది. 1892లో విజయనగరంలో ప్రదర్శితమై 1897లో అచ్చయిన ఈ నాటకాన్ని గురజాడ విస్తృతంగా తిరగరాసి 1909లో ప్రకటించారు. మధురవాణికి ఇంతటి ప్రాధాన్యం లభించింది ఈ రెండవ కూర్పులోనే.

నాటకం వెనుక చట్టం లేని లోటు ఉంది. విజయనగరం మహారాజు ఆనందగజపతి సేకరింపజేసిన వివరాలను గురజాడ తొలి కూర్పు పీఠికలో పేర్కొన్నారు. నాటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో నమోదైన శుల్కవివాహాలు 1034. వాటిలో అయిదేళ్ల వధువులు 99 మంది. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు. వారి వెల 350 నుండి 400 రూపాయలు. ఈ అమ్మకాలను శిక్షించే శాసనం లేదు. అయితే అటువంటి అమ్మకాన్ని ఆపడానికి ఎవరైనా మోసానికి పాల్పడితే, ఆ మోసం మాత్రం నేరమవుతుంది. నాటకంలోని ధర్మసంకటమంతా ఇక్కడే ఉంది.

అగ్నిహోత్రావధానులు చిన్న కూతురు సుబ్బిని వృద్ధుడైన లుబ్ధావధానులుకు 1800 రూపాయలకు కట్టబెట్టబోతాడు. మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం కట్టించి, తక్కువ వెలకు ఆశ చూపి, లుబ్ధావధానులుకు ఆ ‘పిల్ల’నే అంటగడతాడు. ఈ పన్నాగం మధురవాణికి తెలుసు. అందులో ఆమె భాగస్వామి. పెళ్లికూతురికి పెట్టడానికి తన కంటెను ఇస్తుంది. పెళ్లికూతురు మాయమయ్యాక, ఆమె ఎవరో ఎరిగి ఉండీ, ఆ కంటె కోసం రామప్పంతులును ముప్పుతిప్పలు పెడుతుంది. సుబ్బి బతుకు నిలబడింది. కాని లుబ్ధావధానులుపై ఖూనీ అభియోగం పడింది. లోభి అయిన ముసలివాడు చేయని హత్యకు శిక్ష అనుభవించవలసిన స్థితి! నిజం చెబితే వేషం కట్టించినవారు చిక్కుకుంటారు. చెప్పకుంటే నిరపరాధి బలి అవుతాడు.

మధురవాణిని కేవలం ‘ఉదాత్త వేశ్య’గా కీర్తించే వ్యాఖ్యానాలు ఈ ముడిని దాటవేస్తాయి. ఆమె కాపాడేది తన చేయి కూడా ఉన్న మోసం వల్ల ఆపదలో పడినవాణ్ణి.

విశాఖపట్నంలో లుబ్ధావధానులు పక్షాన నిలిచినవాడు వకీలు సౌజన్యారావు పంతులు. వేశ్యల మొగం చూడనన్న నియమం ఆయనది. అందుకే ఆమె మగవేషంలో ఆయన ఇంటికి వెళుతుంది. పెళ్లికూతురి వేషంతో పుట్టిన వ్యాజ్యం మరొక వేషంతో తేలడం యాదృచ్ఛికం కాదు. తనకు తెలిసిన సంగతికి ప్రతిఫలంగా ఆమె ఒక ముద్దు కోరుతుంది. నిరపరాధి ప్రాణం కోసం ఆయన నియమం విడవడానికి సిద్ధపడగానే, తానే వారిస్తుంది. గెలిచిన పందెాన్ని తానే వదులుకున్న ఈ ఘట్టంలో ఎవరు ఎవరిని పరీక్షించారన్నది పాఠకుడు తేల్చుకోవలసిందే. సౌజన్యారావు ఆమె చేతికి భగవద్గీతను ఇస్తాడు. బహుమానమా, హితబోధా? రెండూ కావచ్చు.

ఇటువంటి కథానాయిక నేటి ప్రేక్షకులకు కొత్త కాదు. 2020లో ప్రసారమైన కొరియా ధారావాహిక ‘హైనా’లో న్యాయవాది జంగ్ గుమ్-జా మారుపేరుతో ప్రత్యర్థి న్యాయవాదికి చేరువై, అతని వద్ద దొరికిన ఆధారాలను విడాకుల వ్యాజ్యంలో ప్రయోగిస్తుంది. మారువేషం ఇద్దరికీ పనిముట్టే. అయితే గుమ్-జాకు న్యాయవాద పట్టా ఉంది, వాదించే హక్కు ఉంది. మధురవాణికి కచేరీలో స్థానం లేదు. తన వృత్తి కారణంగా ఆమె మాటకు విలువ కట్టని సమాజంలో, ఆమె నిజం వకీలు ఇంటిలో, మగవేషం చాటున మాత్రమే వినబడగలిగింది.

అదే ఘట్టంలో గిరీశం గుట్టు కూడా రట్టవుతుంది. అతనితో లేచివచ్చిన వితంతువు బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలని సౌజన్యారావు నిశ్చయిస్తాడు. వ్యాజ్యంలో చిక్కిన లుబ్ధావధానులుకు విముక్తి మార్గం, బుచ్చమ్మకు చదువు సమకూరాయి. మధురవాణి ఇకపై ఎలా బతకాలన్న విషయంలో మాత్రం ఏ వకీలూ ఏ ఏర్పాటూ చేయలేదు.